పేరు జెడ్డాలో... ఊరు టెక్కలిలో

ఆటగాళ్లను ఎంచుకునే వేదిక రానురాను అభిమానికి దూరమవుతోంది. ఐపీఎల్ వేలం గల్ఫ్ బాట పట్టింది. అమెరికా, కెనడాల ఐస్ హాకీ లీగ్ డ్రాఫ్ట్ రోజున క్లబ్బులన్నీ ఎవరి ఊళ్లో అవి కూర్చుంటున్నాయి. దీని మీద అక్కడి అభిమానులు రెండుగా చీలిపోయారు. ఆ తగువులో మన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లకూ చెప్పుకోవాల్సిన మాట ఒకటుంది.

2024 నవంబర్ 25. సౌదీ అరేబియాలో ఎర్ర సముద్రం ఒడ్డున ఉన్న జెడ్డా. అబాది అల్ జోహర్ అరీనాలో ఐపీఎల్ మెగా వేలం రెండో రోజు. ముందురోజే రిషభ్ పంత్‌ను లక్నో 27 కోట్లకు, శ్రేయస్ అయ్యర్‌ను పంజాబ్ 26.75 కోట్లకు పాడుకున్నాయి. పెద్ద పేర్లన్నీ అయిపోయాక గబగబా సాగే విడత మొదలైంది. ఇక్కడ ఒక్కో పేరుకు దక్కేది క్షణాలే. ఆ హడావుడిలో ఒక పేరు వినిపించింది: త్రిపురాన విజయ్. స్పిన్ ఆల్‌రౌండర్. కనీస ధర 30 లక్షలు. ఢిల్లీ క్యాపిటల్స్ అదే ధరకు తీసుకుంది. తెర మీద మరో ఫొటో, మరో పేరు.

విజయ్‌ది శ్రీకాకుళం జిల్లా టెక్కలి. గ్రానైట్ క్వారీలకు పేరుపడ్డ ఊరు. పెద్ద క్రికెట్ మ్యాచ్ చూడాలంటే సుమారు 150 కిలోమీటర్లు ప్రయాణించి విశాఖ మధురవాడ స్టేడియానికి వెళ్లాలి. అలాంటి ఊరి నుంచి ఒక కుర్రాడి పేరు ఐపీఎల్ తెర మీదికి ఎక్కింది. రెండు రోజుల్లో అక్కడ అమ్ముడుపోయిన 182 మందిలో, ఖర్చయిన 639.15 కోట్లలో అది ఏ మూలకూ రాని లెక్క. టెక్కలికి మాత్రం ఆ రోజు వేలమంటే ఆ ఒక్క పేరే.

మరి ఆ క్షణంలో ఆ కుర్రాడి ముఖం ఎలా ఉంది? పక్కన ఎవరున్నారు? వేలం ప్రసారంలో వాటికి చోటు లేదు. ఫొటో, పేరు, ధర, కొన్న జట్టు లోగో... అంతవరకే. పాట ఎక్కడ జరగాలన్న తగువులో చాలామంది వదిలేస్తున్న సంగతి ఇదే.

ముంబయి నుంచి అబుదాబి దాకా

ఐపీఎల్ మొదటి వేలం 2008 ఫిబ్రవరి 20న ముంబయిలో జరిగింది. ధోనీని చెన్నై 15 లక్షల డాలర్లకు, అంటే అప్పటి లెక్కలో ఆరు కోట్లకు దక్కించుకుంది. మనుషులకు పాట పెట్టడమేమిటని ముక్కున వేలేసుకున్నవాళ్లు అప్పట్లో చాలామంది. తర్వాత అలవాటైపోయింది. బెంగళూరు, చెన్నై, కోల్‌కతా, కొచ్చి... ఎక్కడ జరిగినా మన దేశంలోనే. 2023 డిసెంబర్ 19న తొలిసారి సరిహద్దు దాటి దుబాయ్ చేరింది. మరుసటి ఏడు జెడ్డా. 2025 డిసెంబర్ 16న అబుదాబి.

దీని మీద ఉత్తరాంధ్ర టీ దుకాణాల్లో జరిగే వాదన అందరికీ తెలిసిందే. ఆట మనది, చూసేది మనం, టికెట్లు కొనేది మనం, పాట మాత్రం ఎడారిలోనా అని ఒకరు. ముంబయిలో పెడితే నిన్నేమైనా పిలిచేవారా, ఎక్కడ పెట్టినా నువ్వు చూసేది ఫోన్లోనే గదా అని ఇంకొకరు.

రెండో మాట వెటకారంగా అన్నా అందులో నిజముంది. వేలం జరిగే హాలు మామూలు అభిమాని కోసం కట్టింది కాదు. అక్కడుండేది యజమానులు, కోచ్‌లు, లెక్కలు చూసే కుర్రాళ్లు, బోర్డు పెద్దలు, కెమెరాలు. టెక్కలి అభిమానికి ముంబయి హోటలూ ఒకటే, జెడ్డా అరీనా ఒకటే. పలాస జీడిపప్పు బట్టీ దగ్గరో, రాజాం బస్టాండు పక్క సెల్ దుకాణంలోనో నలుగురు ఒక ఫోన్ మీదికి వంగి చూస్తారు. వేదిక మారితే వాళ్లకు తేడా తెలిసేది మొదలయ్యే సమయంలోనే.

హాలు చేతిలో ఉండి పోగొట్టుకున్నవాళ్ల బాధ ఎలా ఉంటుందో తెలియాలంటే కాస్త దూరం వెళ్లాలి.

మంచు మీద మొదలైన తగువు

అమెరికా, కెనడాల్లో నేషనల్ హాకీ లీగ్ అంటే ఐస్ హాకీ. మొత్తం 32 క్లబ్బులు. ఏటా వేసవిలో పద్దెనిమిదేళ్ల వయసు కుర్రాళ్లను పంచుకునే డ్రాఫ్ట్ జరుగుతుంది. ఏడు విడతలు. దశాబ్దాలపాటు దాని పద్ధతి ఒకటే. ఏదో ఒక నగరంలో పెద్ద స్టేడియం. మైదానంలో క్లబ్బుకొక బల్ల. చుట్టూ గ్యాలరీల్లో అభిమానులు, వాళ్ల మధ్యలోనే అమ్మానాన్నలతో, అన్నదమ్ములతో కూర్చున్న కుర్రాళ్లు. పేరు పిలవగానే కుర్రాడు లేచి తల్లిని కౌగిలించుకుని, మెట్లు దిగి వేదికెక్కి జెర్సీ తొడుక్కుంటాడు. లీగ్ కమిషనర్ గ్యారీ బెట్‌మన్ మైకు పట్టుకోగానే హాలంతా గోల చేసి ఎగతాళి చేయడమూ ఏటేటా జరిగే వేడుకే.

అభిమానికి ఇంకో సరదా కూడా ఉండేది. ఒక క్లబ్ మేనేజర్ బల్ల దగ్గర నుంచి లేచి ఇంకో బల్ల వైపు నడిచాడంటే గ్యాలరీలో గుసగుసలు మొదలు. ఎవరిని ఎవరికి మారుస్తున్నారు? ఎవరు ముందుకు జరుగుతున్నారు? బేరం కళ్లెదుటే నడిచేది. మాటలు వినపడేవి కావు, నడక మాత్రం కనిపించేది.

2020లో కరోనా దీన్ని ఆపేసింది. మాంట్రియల్‌లో జరగాల్సిన డ్రాఫ్ట్‌ను అక్టోబర్ 6, 7 తేదీల్లో వీడియోలోనే జరిపారు. కమిషనర్ న్యూజెర్సీలోని స్టూడియోలో, క్లబ్బులు తమ తమ ఆఫీసుల్లో, కుర్రాళ్లు ఇళ్లలో. మొదటి ఎంపిక అలెక్సిస్ లాఫ్రెనియర్, న్యూయార్క్ రేంజర్స్‌కు. 2021 కూడా అలాగే నడిచింది. గత్యంతరం లేక చేసింది కాబట్టి ఎవరూ పెద్దగా తప్పుపట్టలేదు.

అసలు తగువు 2025లో మొదలైంది. ఈసారి కరోనా లేదు. క్లబ్బుల్లో ఎక్కువ భాగం తామే ఓటేసి, ఎవరి ఊళ్లో వాళ్లం కూర్చుంటామన్నాయి. జూన్ 27, 28 తేదీల్లో లాస్ ఏంజెలిస్‌లోని పీకాక్ థియేటర్‌లో వేదిక పెట్టారు. కుర్రాళ్లు, కుటుంబాలు అక్కడ. ఎంచుకునే పెద్దలు మాత్రం తమ తమ నగరాల్లో. పేరు పిలిచాక కుర్రాడిని ఒక గదిలోకి తీసుకెళ్లి, గోడంత తెర మీద క్లబ్ వాళ్లతో మాట్లాడించారు. ఒకరు మాట్లాడబోతే ఇంకొకరు మాట్లాడటం, మధ్యలో ఇబ్బందిగా మౌనం, ఏమనాలో తెలియక నవ్వే పిల్లాడు... ఆన్‌లైన్ మీటింగుల్లో మనమంతా పడ్డ అవస్థే. మొదటి విడతే నాలుగు గంటలు దాటింది.

విమర్శలు వెల్లువెత్తాయి. బల్లల మధ్య నడక పోయింది, బేరాల ఉత్కంఠ పోయింది, కుర్రాడి చెయ్యి కలిపేందుకు క్లబ్ మనిషే లేకపోతే ఎలా అన్నారు పాతకాలపు అభిమానులు. రెండో వర్గం వాదన వేరు. ఒక్క సాయంత్రం కోసం 32 క్లబ్బుల సిబ్బందిని, కాగితాలను, కంప్యూటర్లను మోసుకెళ్లే ఖర్చెందుకు? పక్క బల్లవాళ్లు వింటారేమోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడే తిప్పలెందుకు? మంచి నిర్ణయం తీసుకుంటే జట్టుకే లాభం, జట్టు బాగుపడితే సంతోషించేది అభిమానే కదా?

ఇంత గోలలోనూ ఆ రాత్రి అందరూ ఒప్పుకున్న క్షణం ఒకటుంది. న్యూయార్క్ ఐలాండర్స్ మొదటి ఎంపికగా మాథ్యూ షేఫర్ పేరు పిలిచినప్పుడు ఆ కుర్రాడు కన్నీళ్లు ఆపుకోలేకపోయాడు. సుమారు ఏడాదిన్నర కిందట క్యాన్సర్‌తో తల్లి చనిపోయింది. జెర్సీ మీద ఆమె గుర్తుగా కుట్టిన రిబ్బన్‌ను ముద్దు పెట్టుకున్నాడు. అప్పుడు క్లబ్ పెద్దలు ఏ నగరంలో కూర్చున్నారన్నది ఎవరికీ గుర్తు రాలేదు.

డ్రాఫ్ట్ వేరు, వేలం వేరు

డ్రాఫ్ట్‌లో పాట ఉండదు, వంతు ఉంటుంది. అంతకుముందు సీజన్‌లో అడుగున ఉన్న జట్లకు ముందు వంతు దక్కేలా లాటరీ తీస్తారు. కుర్రాడికి జట్టును ఎంచుకునే వీల్లేదు, మొదటి జీతానికీ పరిమితి ఉంటుంది. వేలంలో డబ్బే మాట్లాడుతుంది, ఎవరు ఎక్కువ పాడితే వాళ్లది. మనకూ డ్రాఫ్ట్ పూర్తిగా కొత్త కాదు. 2008లో అండర్-19 ఆటగాళ్లను ఐపీఎల్ జట్లు డ్రాఫ్ట్‌లోనే పంచుకున్నాయి. ఢిల్లీ తన వంతులో ప్రదీప్ సాంగ్వాన్‌ను తీసుకుంటే, ఆ ఊరి కుర్రాడు విరాట్ కోహ్లీ బెంగళూరుకు వెళ్లాడు. పద్ధతి ఏదైనా, తన భవిష్యత్తు తేలుతుంటే కుర్రాడు చేతులు కట్టుకుని చూడాల్సిందే.

పెర్త్‌లో ఖాళీ అయిన కుర్చీలు

దూరం నుంచి నడిపితే తప్పేమిటన్న వాదనకు మన జెడ్డా వేలమే బలమైన సాక్ష్యం. అదే రోజుల్లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో భారత్, ఆస్ట్రేలియా తొలి టెస్టు జరుగుతోంది. ఆస్ట్రేలియా సహాయ కోచ్ డేనియల్ వెటోరీ సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ప్రధాన కోచ్ కూడా. టెస్టు మధ్యలో జట్టును వదిలి జెడ్డా విమానమెక్కాడు. కామెంటరీ చెబుతున్న రికీ పాంటింగ్, జస్టిన్ లాంగర్ కూడా అంతే. బల్ల ముందు కూర్చోవడానికి ఒక సముద్రం దాటి రావాలా? వీడియోలో కుదరదా? ఈ ప్రశ్నకు సూటిగా జవాబిచ్చినవాళ్లు లేరు.

ఆ పెర్త్ టెస్టులోనే విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి తొలిసారి టెస్టు టోపీ పెట్టుకున్నాడు. మొదటి ఇన్నింగ్స్‌లో జట్టంతా కుప్పకూలుతుంటే 41 పరుగులతో అందరికంటే పైన నిలిచాడు. అతన్ని సన్‌రైజర్స్ 2022 డిసెంబర్‌లో కొచ్చి వేలంలో తీసుకున్నది 20 లక్షల కనీస ధరకు. రెండేళ్లు తిరగకుండా ఆరు కోట్లకు అట్టిపెట్టుకుంది. కొచ్చిలో ఆ పేరు పిలిచినప్పుడు చప్పట్లు కొట్టిందెవరో ఇవాళ ఎవరికీ గుర్తులేదు. కనీస ధరకు వెళ్లే కుర్రాళ్ల కథ అలాగే మొదలవుతుంది. టెక్కలి విజయ్‌నూ ఢిల్లీ 2026 సీజన్‌కు అట్టిపెట్టుకుంది.

ముంబయిని మరిపించిన దక్షిణాఫ్రికా గది

2023 ఫిబ్రవరి 13న మహిళల ప్రీమియర్ లీగ్ మొట్టమొదటి వేలం ముంబయిలో జరిగింది. ఆ సమయానికి భారత మహిళల జట్టు టీ20 ప్రపంచకప్ కోసం దక్షిణాఫ్రికాలో ఉంది. అమ్మాయిలంతా ఒక గదిలో టీవీ ముందు చేరారు. మొదటి పేరు స్మృతి మంధాన. పాట పెరుగుతున్నకొద్దీ గదిలో కేరింతలు. బెంగళూరు 3.40 కోట్లకు పాడుకోగానే జట్టంతా ఆమె మీద పడిపోయింది. ఆ దృశ్యాన్ని ప్రసారంలో చూపించారు. దేశమంతా ఫోన్లలో పంచుకున్నది ముంబయి హాలును కాదు, ఆ గదినే.

అనుకోకుండా జరిగిన ఆ ఏర్పాటు ఒక సంగతి తేల్చేసింది. అభిమానికి కావాల్సింది బల్లలు, పాడేందుకు ఎత్తే పలకలు, సూట్లు వేసుకున్న పెద్దమనుషులు కాదు. తన బతుకు మలుపు తిరుగుతున్నదని తెలిసినప్పుడు ఆటగాడి ముఖం ఎలా ఉంటుందో చూడాలి. హాకీ అభిమానులు షేఫర్ దగ్గర చూసి కరిగిపోయింది కూడా దానికే. బల్లల మధ్య నడక చూసే సరదా దాని పక్కన చిన్నది. ఆ ముఖం మనకు ఐపీఎల్ వేలంలో మొదటి నుంచీ లేదు. హాలు ముంబయిలో ఉన్నప్పుడూ లేదు.

అమెరికన్ ఫుట్‌బాల్ వాళ్లు ఈ సంగతి ముందే పట్టుకున్నారు. కరోనా కాలంలో, 2020 ఏప్రిల్‌లో, డ్రాఫ్ట్‌కు వచ్చే 58 మంది కుర్రాళ్ల ఇళ్లకు కెమెరా సామాను పంపారు. కమిషనర్ తన ఇంటి కింది గదిలోంచి పేర్లు చదివాడు. కుర్రాడి ఇంట్లో సోఫా మీద తాతమ్మ దగ్గర నుంచి పక్కింటి పిల్లాడి దాకా కిక్కిరిసి కూర్చున్న దృశ్యాలు జనానికి తెగ నచ్చేశాయి. దూరంగా జరిపిన వేడుక, దగ్గరగా కనిపించింది.

ఊరి లీగ్, ఫోన్లో పాట

ఇదంతా ఎక్కడో అమెరికా గోల అనుకోనక్కర్లేదు. మన ఊళ్లలో ఏళ్లుగా నడుస్తున్నదే. సంక్రాంతికి శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో టెన్నిస్ బంతి టోర్నమెంట్లు మామూలు. ఇప్పుడు వాటికీ ప్రీమియర్ లీగ్ అని పేరు, వాటికీ వేలం. జట్టుకొక యజమాని: ఎరువుల దుకాణం ఆయన, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న అన్నయ్య, రాజకీయంలోకి దిగాలని చూస్తున్న తమ్ముడు. డబ్బుకు బదులు పాయింట్లు. జట్టుకు ఇన్ని అని ముందే కట్టేస్తారు.

చిక్కల్లా ఆడేవాళ్లలో సగంమంది ఊళ్లో ఉండకపోవడం. ఒకడు హైదరాబాద్ మియాపూర్‌లో, ఒకడు చెన్నైలో, ఒకడు గుజరాత్ వేరావల్‌లో పడవ మీద, ఒకడు గల్ఫ్‌లో. పండక్కి వారం ముందు గానీ దిగరు. అందుకే పాటంతా వాట్సాప్ గ్రూపులోనో, వీడియో కాల్‌లోనో. గోడ ముందు బ్యాటు పట్టుకుని దిగిన ఫొటో, కింద పేరు, బ్యాటింగా బౌలింగా అన్న ముక్క. పాట పాడించేవాడు కొళాయి దగ్గరో, రామకోవెల అరుగు మీదో కూర్చుని ఫోన్ పట్టుకుంటాడు. నెట్ ఆగిందా, గొడవే. “నేను ముందే అన్నాను, నీకే వినపళ్లేదు” అని ఒకరు, “నీ మెసేజ్ టైం సూడు, నాదే ముందు” అని ఇంకొకరు. చివరికి మెసేజ్ పక్కన కనిపించే నిమిషమే తీర్పు చెబుతుంది.

ఈ పద్ధతి మీదా ఊళ్లో రెండు మాటలున్నాయి. రామకోవెల దగ్గర అందరూ కూడి పాడితే ఆ మజాయే వేరని పెద్ద కుర్రాళ్లంటారు. వేరావల్ నుంచి చూసేవాడికి మాత్రం ఫోనే దిక్కు. ఆ పాట చూశాకే రైలు టికెట్ తీసుకునేవాళ్లున్నారు.

ఊరి పాటలో ఐపీఎల్‌కు లేనిది ఒకటుంది. అమ్ముడైన కుర్రాడు అక్కడికక్కడే గ్రూపులో ప్రత్యక్షమవుతాడు. “థాంక్స్ బావా, కప్పు మనదే” అని మెసేజ్ పెడతాడు. ఎదుటి జట్టువాడు వెంటనే ఎకసెక్కం మొదలెడతాడు. ఎవరూ పాడని కుర్రాడి పేరూ అందరి ముందే పడుతుంది, దాని బాధ దానిది. హాకీ డ్రాఫ్ట్‌లోనూ అంతే. అమ్మానాన్నలతో ముస్తాబై వచ్చి, గ్యాలరీలు ఖాళీ అవుతున్నా పేరు రాక కూర్చుండిపోయే పిల్లలుంటారు. వాళ్లకు ఇంట్లో కూర్చుని చూడటమే మేలు అన్న వాదనలో మానవత్వం ఉంది. కాబట్టి హాలు ఎప్పుడూ మంచిదే అనడానికీ లేదు.

దర్బారు గదిలో జరిగిన ఎంపిక

దూరం కంటే చెడ్డది మూసిన తలుపని విజయనగరానికి బాగా తెలుసు. మహరాజకుమార్ విజయానంద గజపతిరాజును క్రికెట్ లోకం విజ్జీ అంటుంది. ఫ్రాంచైజీ అన్న మాట పుట్టక ముందే సొంత జట్టు కట్టిన మనిషి. 1930-31లో ఇంగ్లండ్ దిగ్గజాలు జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను రప్పించి తన జట్టులో ఆడించాడు. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరిని పిలవాలి అన్నది దర్బారులోనే తేలిపోయేది. 1936 ఇంగ్లండ్ పర్యటనకు భారత కెప్టెన్సీ ఆటను బట్టి కాక పలుకుబడిని బట్టి దక్కిందన్న విమర్శ నేటికీ ఉంది. మూడు టెస్టుల్లో కలిపి ఆయన చేసినవి 33 పరుగులు. ఆ పర్యటనలోనే లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టుకు ముందే ఇంటికి పంపేశారు. ఏ గదిలో, ఎవరి మాట మీద అన్నది అభిమానికి తెలిసేది ఆ తర్వాత ఎప్పుడో.

దాంతో పోలిస్తే నేటి వేలం జెడ్డాలో జరిగినా తెరిచిన తలుపే. ఎవరు ఎంత పాడారో, ఎవరు వెనక్కి తగ్గారో టెక్కలిలో ఫోన్ ఉన్న ప్రతివాడికీ తెలుసు. హాకీ క్లబ్బులు తమ ఆఫీసుల్లో తలుపులు మూసుకుంటున్నప్పుడు అభిమాని అడగాల్సింది దీన్నే. ఎవరు ఎక్కడ కూర్చున్నారన్నది పక్కన పెట్టి, ఎంత కనిపిస్తోంది, ఎవరు కనిపిస్తున్నారు అని నిలదీయాలి.

కెమెరా ఎటు తిరగాలి?

ఒక చిన్న పని మన దగ్గరే మొదలుపెట్టవచ్చు. ఆంధ్రా ప్రీమియర్ లీగ్ 2022లో మొదలైంది. తొలి సీజన్లలో ఉత్తరాంధ్ర లయన్స్ పేరుతో ఒక జట్టే ఉండేది. 2025లో జట్లు మారాయి, ఆ పేరు పోయి సింహాద్రి వైజాగ్ లయన్స్ వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు ఇలాంటి లీగ్ వేలంలోనే మొదటిసారి తమ పేరు వింటారు. యజమానులు ఎక్కడి నుంచైనా పాడుకోనివ్వండి. విమానం ఖర్చు, హోటల్ ఖర్చు మిగులుతుంది. మిగిలిన దాంట్లో కొంత పెట్టి, పాట జరిగే వేళ విజయనగరంలోని పీవీజీ రాజు క్రీడా ప్రాంగణంలో ఒక తెర, శ్రీకాకుళం కోడి రామమూర్తి స్టేడియంలో ఒక తెర పెడితే చాలు. వచ్చే కుర్రాళ్లు కుటుంబాలతో వస్తారు. పేరు రాదేమోనని భయపడేవాళ్లు ఇంట్లోనే ఉంటారు, అది వాళ్ల ఇష్టం. అమ్ముడైనవాడి ముందుకు కెమెరా వెళ్తుంది.

ఐపీఎల్‌కు ఇది ఇంకా తేలిక. వేలం జాబితా ముందే ఖరారవుతుంది. జెడ్డాలో రెండు రోజుల వేదిక కట్టగలిగినవాళ్లకు కనీస ధర కుర్రాళ్లలో ఒక పాతిక మంది ఇళ్లకు ఫోన్ కెమెరా కలపడం బరువు కాదు. 27 కోట్ల ఆటగాడి ముఖం దేశానికి ముందే తెలుసు. తెలియనిది 30 లక్షల కుర్రాడి ముఖం. వాడి ఊరికి వాడే కోహ్లీ.

హాలు కావాలా, వీడియో కావాలా అని అభిమానులను రెండు వర్గాలుగా చీల్చిన ప్రశ్నే వంకరది. టెక్కలి అభిమాని ఎప్పుడూ దూరం నుంచే చూశాడు, దూరం గురించి వాడికి ఫిర్యాదు లేదు. వాడు అడిగేదల్లా మనోడి పేరు పిలిచినప్పుడు మనోణ్ని చూపించమని. పాడేవాళ్లు అబుదాబిలో కూర్చుంటారో, ఆఫీసులో కూర్చుంటారో వాళ్ల సౌకర్యం. కెమెరా మాత్రం టెక్కలికి రావాలి.